నకలు ఉన్నది, లెక్క తెరుచుకుంటుందా?

(సంఘ కార్యదర్శులు, పాల పరీక్షకుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



ఉదయం నుండి పాల నాణ్యత గురించి, పచ్చిమేత గురించి, దూడల పోషణ గురించి పెద్దలు ఎన్నో ఉపయోగకరమైన విషయాలు చెప్పారు. మాకు అప్పగించిన అంశం వాటికన్నా పొడిగా తోచవచ్చు. సంఘం కంప్యూటరులోని లెక్కలకు మీరు రోజూ తీసే నకలు, అంటే బ్యాకప్, అవసరం పడిన రోజున ఒక్కొక్కసారి ఎందుకు తెరుచుకోదు, అప్పుడు ఏమి చేయాలి, అటువంటి పరిస్థితి రాకుండా ఎట్లా జాగ్రత్తపడాలి అన్నది ఆ అంశం. ఇది మెకానిక్కులు చూసుకునే వ్యవహారమని మీరు అనుకోవచ్చు. కాని దీని మీద ఆధారపడి ఉన్నది సభ్యురాలి పక్షం బిల్లు. కావున కొంచెం ఓపికగా వినవలసిందిగా మనవి.

ముందుగా ఒక చిన్న లెక్క వేద్దాము. 140 మంది సభ్యులు పాలు పోసే సంఘంలో రోజుకు రెండు పూటలు, 15 రోజుల పక్షానికి 4,200 పద్దులు అవుతాయి. సంవత్సరానికి 1,02,200 పద్దులు. ఒక్కొక్క పద్దులో సభ్యుని నంబరు, పూట, లీటర్లు, వెన్న శాతం, ఎస్.ఎన్.ఎఫ్., ధర, మొత్తం ఉంటాయి. వీటికితోడు దాణా బాకీ, పాడి పశువు అప్పు వాయిదా, బీమా ప్రీమియం వంటి కోతలు. పూర్వం ఇదంతా రిజిస్టర్లలో ఉండేది. రిజిస్టరు తడిస్తే ఎండబెట్టుకునేవారము. చెదలు పడితే మిగిలిన పుటలైనా చదువుకునేవారము. ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటా, పాల పరీక్ష యంత్రం నేరుగా కంప్యూటరుకే అంకెలు పంపుతున్నాయి. డిస్కు పాడైతే మిగిలిన పుట అంటూ ఏదీ ఉండదు.

ఆ పద్దుల మీదనే పక్షం బిల్లు నడుస్తుంది. సంవత్సరాంతంలో బోనసు పంచేటప్పుడు ఎవరు ఎన్ని పాలు పోశారన్నది అక్కడి నుండే తీస్తాము. సంఘం నిబంధనావళిలో ఓటు హక్కుకు ఇన్ని రోజులు, ఇన్ని లీటర్లు పాలు పోసి ఉండాలనే షరతు ఉన్నచోట, ఓటర్ల జాబితాకు కూడా ఆ పద్దులే ఆధారం. కాబట్టి ఆ లెక్క పోవడమంటే రెండు గేదెలు పెట్టుకొని సంఘాన్ని నమ్ముకున్న మనిషి డబ్బు, మాట రెండూ పోవడమే.

ఇటీవల మేము తనిఖీకి వెళ్లిన ఒక సంఘంలో జరిగిన సంగతి చెబుతాము. ఊరి పేరు అవసరం లేదు. ఇది ఏ ఊరిలోనైనా జరగగలదు. పక్షం ముగియడానికి రెండు రోజుల ముందు కరెంటు హెచ్చుతగ్గులకు అక్కడి కంప్యూటరు ఆగిపోయింది. కార్యదర్శి శ్రద్ధగల మనిషి. ప్రతి రాత్రీ పెన్‌డ్రైవ్‌లోకి నకలు తీసేవారు. పక్క సంఘంలో వాడకుండా ఉన్న పాత కంప్యూటరు తెప్పించి, అందులో నకలును తిరిగి ఎక్కించబోయారు. యంత్రం ఒప్పుకోలేదు. తెర మీద రెండు వరుసల ఇంగ్లీషు వచ్చింది. దానిని ఎవరూ పూర్తిగా చదవలేదు. మూడుసార్లు ప్రయత్నించి, ఫైలు పాడైపోయిందని నిర్ణయించారు. సాయంత్రం పాలకు వేళ అవుతున్నది కనుక ఖాళీ లెక్కతో కొత్తగా మొదలుపెడదామన్నారు.

అసలు ప్రమాదం ఇక్కడ ఉన్నది. ఆ ప్రోగ్రాము రాత్రి నకలును ఎప్పుడూ ఒకే పేరుతో, అదే పెన్‌డ్రైవ్ మీద రాస్తుంది. ఆ రాత్రి ఖాళీ లెక్క నకలు తీసి ఉంటే, పాత నకలు మీద పడి దానిని తుడిచివేసేది. పాల పరీక్షకురాలు అడ్డుపడ్డారు. "ఆ పెన్‌డ్రైవ్ తీసి బీరువాలో పెట్టండి సార్, ఈ రాత్రికి వేరేది వాడుకుందాం" అన్నారు. ఆ ఒక్క మాట 140 కుటుంబాల లెక్కను కాపాడింది. నాలుగవ రోజున సరిపడిన కంప్యూటరు దొరికింది. అదే నకలు ఒక్క అంకె కూడా పోకుండా తెరుచుకున్నది. ఫైలు ఏనాడూ పాడు కాలేదు. బిల్లులు మాత్రం నాలుగు రోజులు ఆలస్యమైనవి.

మరి మొదట ఎందుకు తెరుచుకోలేదు? ఆగిపోయిన కంప్యూటరులో లెక్కలను భద్రపరిచే ప్రోగ్రాము, అంటే డేటాబేస్, మైక్రోసాఫ్ట్ ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2019. తెచ్చిన పాత కంప్యూటరులో ఉన్నది 2014. ఇక్కడ ఒక నియమం గలదు. పాత దానిలో తీసిన నకలును కొత్త దానిలో సాధారణంగా ఎక్కించవచ్చు. కొత్త దానిలో తీసిన నకలును పాత దానిలో ఎక్కించడం కుదరదు. పాలు తోడుపెట్టి పెరుగు చేయగలము గాని, పెరుగును తిరిగి పాలు చేయలేము కదా! డేటాబేస్ సంగతి కూడా అంతే. నకలు కొత్త సర్వర్ మీదికి ఎక్కినప్పుడు దాని లోపలి అమరిక మారుతుంది. అక్కడి నుండి వెనక్కు దారి లేదు.

ఆ నియమానికి కూడా ఒక హద్దు ఉన్నది. మరీ పాత నకలును మరీ కొత్త సర్వర్ తీసుకోదు. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2000 నాటి నకలును 2012 గాని ఆ తరువాతివి గాని నేరుగా ఎక్కించుకోవు. మధ్యలో 2008 లేదా 2008 ఆర్2 మెట్టు ఎక్కించి, అక్కడ మళ్లీ నకలు తీసి, దానిని పైకి తీసుకుపోవాలి. పాత లెక్కలు అటక మీద దాచిన సంఘాలు ఈ సంగతి గమనించగలరు.

తెర మీద వచ్చిన ఇంగ్లీషులోనే జవాబు ఉంటుంది. ఇటువంటి సందర్భంలో 3169 అనే నంబరుతో, ఈ నకలు ఫలానా వెర్షన్‌లో తీసినది, ఈ సర్వర్ ఫలానా వెర్షన్, రెండూ పొసగవు అని వస్తుంది. అందులో సంవత్సరం కనిపించదు. 12 అంటే 2014, 13 అంటే 2016, 14 అంటే 2017, 15 అంటే 2019, 16 అంటే 2022. ఈ ఐదు అంకెలు గోడ మీద రాసిపెట్టుకున్నా చాలు. 3241 అనే నంబరు వస్తే నకలు రూపం సరిగా లేదని అర్థం. నిజంగా పాడైన ఫైలుకు ఇదే వస్తుంది. మరీ పాత సర్వర్ కొత్త నకలును గుర్తుపట్టలేనప్పుడు కూడా ఇది రావచ్చు. కాబట్టి 3241 చూసినంత మాత్రాన ఫైలుకు నీళ్లు వదులుకోకూడదు. సరిపడిన సర్వర్ మీద ఒకసారి చూసిన తరువాతనే తీర్పు చెప్పవలెను.

కొందరు మెకానిక్కులు కంపాటిబిలిటీ లెవెల్ తగ్గించి నకలు తీస్తే పాత దానిలో ఎక్కుతుందని చెబుతారు. అది సరికాదు. ఆ అమరిక డేటాబేస్ కొన్ని ఆదేశాలకు ఎట్లా నడుచుకోవాలన్న దానిని మాత్రమే మారుస్తుంది. ఫైలు వయస్సు మారదు. ఫైలు పేరు మార్చినా, చివరి అక్షరాలు మార్చినా ఫలితం లేదు. కొత్త దాని నుండి పాత దానికి లెక్క చేర్చాలంటే ఒకటే మార్గం. కొత్త దానిని తెరిచి, అందులోని పద్దులను సాదా పట్టికలుగా బయటకు తీసి, పాత దానిలో తిరిగి నింపాలి.

సర్వర్ వయస్సు ఒక్కటే కారణం కాదు. తనిఖీలలో తరచుగా ఎదురయ్యే మరికొన్ని చిక్కులు మనవి చేస్తాము.

నకలు చక్కగా ఎక్కుతుంది గాని పాల సేకరణ ప్రోగ్రాము తెరవబోతే లాగిన్ కుదరలేదంటుంది. సభ్యుల పద్దులు డేటాబేస్ నకలులో ఉంటాయి. సర్వర్‌లోనికి ప్రవేశించే పేరు, సంకేతపదం మాత్రం సర్వర్ దగ్గరే ఉంటాయి, ఆ నకలులో రావు. కొత్త సర్వర్ మీద ఆ పేరును మళ్లీ సృష్టించి డేటాబేస్‌తో ముడివేయాలి. లెక్క పోలేదు, తాళంచెవి మారిందంతే.

ఇంకొకటి. డేటాబేస్ సరిపోయినా పాల సేకరణ ప్రోగ్రాము పాతది కావచ్చు. మధ్యలో కంపెనీవారు కొత్త గడులు చేర్చి ఉంటే పాత ప్రోగ్రాము వాటిని గుర్తించక తప్పు చూపుతుంది. కావున డేటాబేస్ వెర్షన్‌తోపాటు ప్రోగ్రాము వెర్షన్ కూడా రాసి ఉంచాలి.

చిన్న సంఘాలలో ఇంకా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైళ్లు ఉన్నాయి. యాక్సెస్ 97 నాటి ఎం.డి.బి. ఫైలును యాక్సెస్ 2013, ఆ తరువాతివి తెరవవు. మధ్యరకం యాక్సెస్‌లో తెరిచి మార్చుకోవాలి. యాక్సెస్ ఫైలు 2 జి.బి. దాటి పెరగదు. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ ఉచిత ఎక్స్‌ప్రెస్ రకానికి 2008 ఆర్2 నుండి 2022 వరకు ఒక్కొక్క డేటాబేస్‌కు 10 జి.బి. హద్దు ఉన్నది. ఈ ఉచిత రకంలో వేళకు తనంతట నకలు తీసే ఏజెంటు ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలరు ద్వారా గాని, ప్రోగ్రాము ద్వారా గాని ఆ ఏర్పాటు చేయాలి. "దానంతట అదే తీసుకుంటుందిలే" అనే సంఘాలలో మేము మొదట చూసేది ఆఖరి నకలు తేదీ.

కొందరు ప్రత్యేకంగా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొని పెట్టుకుంటారు. మంచిదే. కాని అది మీ డేటాబేస్ వెర్షన్‌ను గుర్తించగలదో లేదో కంపెనీవారి జాబితాలో చూసుకోవాలి. డేటాబేస్ నడుస్తుండగా దాని ఫైళ్లను మామూలు ఫైళ్లలాగా నకలు తీయబోతే, ఫైలు వాడకంలో ఉన్నదని వదిలివేయవచ్చు, లేదా సగం మారిన స్థితిలో పట్టుకోవచ్చు. తెర మీద పచ్చటి గుర్తు చూసి సంతోషించకుండా, నివేదికలో డేటాబేస్ పేరు ఉన్నదా, ఎన్ని ఫైళ్లు వదిలివేసింది అన్నది చదవవలెను.

ఇక సాదా పట్టికలు తీసేటప్పుడు మూడు జాగ్రత్తలు. తేదీలు 03/04 అని ఉంటే ఒక కంప్యూటరు ఏప్రిల్ 3 అనుకుంటుంది, మరొకటి మార్చి 4 అనుకుంటుంది. అందువల్ల నెల పేరు అక్షరాలలో రాయాలి, లేదా సంవత్సరం, నెల, తేదీ వరుసలో పెట్టాలి. రెండవది, తెలుగు పేర్లు. పాత ఫాంటులో ఉన్నవైతే ఆ ఫాంటు ఫైలు కూడా భద్రపరచాలి. యూనికోడ్‌లో ఉన్నవైతే సి.ఎస్.వి. ఫైలును యు.టి.ఎఫ్.-8 పద్ధతిలోనే దాచాలి. లేకుంటే పేర్ల స్థానంలో ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటి నుండి పేర్లు తిరిగి రావు. మూడవది, బ్యాంకు ఖాతా నంబర్లు. ఎక్సెల్ ఒక అంకెలో 15 స్థానాలను మాత్రమే నిలుపుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరును అంకెగా తెరిచి దాచితే చివరి అంకె సున్న అవుతుంది. 007 అనే సభ్యుని నంబరు 7 అవుతుంది. ఆ గడులను అక్షరాలుగా తెరవాలి. ఇది చిన్న విషయం కాదు. ఒక్క అంకె మారితే సభ్యురాలి డబ్బు ఆమె ఖాతాకు చేరదు.

నకలు తెరుచుకోని రోజున ఏమి చేయాలో వరుసగా చెబుతాము. దయచేసి రాసుకోండి.

మొదటిది, నకలు ఉన్న పెన్‌డ్రైవ్‌ను వెంటనే తీసివేయండి. మరొక మంచి కంప్యూటరులో దానికి రెండు ప్రతులు తీయండి. అసలును అధ్యక్షుని వద్ద గాని బీరువాలో గాని ఉంచి, ప్రయత్నాలన్నీ ప్రతుల మీదనే చేయండి.

రెండవది, పాల సేకరణ ఆపకండి. గేదె మన సర్వర్ వెర్షన్ చూసి పాలివ్వదు. కాగితం రిజిస్టరు తీసి పూట, నంబరు, లీటర్లు, వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. రాయండి. సభ్యులకు చేతిరాత చీటీ ఇవ్వండి. కంప్యూటరు బాగయ్యాక ఆ పద్దులు ఎక్కించవచ్చు.

మూడవది, తెర మీది సందేశాన్ని మొదటి నుండి చివరి వరకు ఫోనులో ఫోటో తీయండి. మెకానిక్కుకు "ఎర్రరు వచ్చింది" అని చెబితే ఉపయోగం లేదు. నంబరుతో సహా పంపండి.

నాలుగవది, నకలు వయస్సు తెలుసుకోండి. నకలును ఎక్కించకుండానే దాని తలకట్టు చదివే ఆదేశం ఉన్నది. రిస్టోర్ హెడర్‌ఓన్లీ అంటారు. ఏ వెర్షన్‌లో, ఏ రోజున, ఏ డేటాబేస్‌కు తీసినదో అది చెబుతుంది. తరువాత అదే వెర్షన్ గాని, దానికన్నా కొత్తది గాని ఉన్న కంప్యూటరు చూడండి.

ఐదవది, ఎక్కించేటప్పుడు ఉన్న డేటాబేస్ మీద ఎక్కించకుండా వేరే పేరుతో ఎక్కించండి. పోల్చి చూసుకున్న తరువాత దానిని వాడుకలోకి తెండి.

ఆరవది, తెరుచుకున్నది కదా అని వెంటనే బిల్లులు తీయకండి. సభ్యుల సంఖ్య సరిపోయిందా, ఆఖరి పూట ఏది, పక్షం మొత్తం ఎంత అన్నది చూడండి. దానిని యూనియన్ ఇచ్చిన పాల రసీదులతో పోల్చండి. సంఘంలో లీటర్లు, రసీదులో కిలోలు ఉంటే లీటరుకు సుమారు 1.03 కిలోల చొప్పున మార్చి చూడండి. స్థానికంగా అమ్మిన పాలు కలుపుకోవడం మరువకండి. తరువాత ఐదారుగురు సభ్యుల చీటీలు అడిగి పద్దులతో సరిచూడండి. సభ్యుల చేతిలోని చీటీయే మన లెక్కకు ఆఖరి సాక్షి.

ఇల్లు కాలేటప్పుడు నుయ్యి తవ్వకూడదని పెద్దలు అన్నారు. కాబట్టి ముందుగా చేయవలసిన పనులు కూడా చెప్పి ముగిస్తాము.

స్టాకు రిజిస్టరులో కంప్యూటరుకు ఒక పుట కేటాయించండి. విండోస్ ఏది, డేటాబేస్ ఏ సంవత్సరపుది, సేకరణ ప్రోగ్రాము వెర్షన్ ఏది, నకలు ఏ పేరుతో ఎక్కడ పడుతుంది, మెకానిక్కు ఎవరు, ఆఖరిసారి నకలును ఎక్కించి చూసినది ఎప్పుడు. ఈ ఆరు అంశాలు చాలు. సర్వర్ సంకేతపదాన్ని సీలు వేసిన కవరులో బీరువాలో ఉంచండి. లెక్క సంఘానిది, తాళం మాత్రం కంపెనీవారిది అన్న పరిస్థితి ఉండరాదు. ప్రోగ్రాము కొనేటప్పుడే పద్దులన్నీ సాదా పట్టికలుగా తీసుకునే సౌకర్యం ఉండాలని ఒప్పందంలో రాయించండి.

నకలు పేరులో తేదీ పడేటట్లు చేయండి. రెండు పెన్‌డ్రైవ్‌లు మార్చి మార్చి వాడి, ఒకటి సంఘం భవనానికి బయట ఉంచండి. పక్షం ముగిసిన రోజున పద్దుల పట్టికను సి.ఎస్.వి.గా తీసి, మొత్తాల పుటను అచ్చు తీసి, కార్యదర్శి, అధ్యక్షుడు సంతకాలు చేయండి. ఏ వెర్షన్ వచ్చినా, ఏది పోయినా, కాగితం చదవడానికి కన్ను చాలు.

కంప్యూటరు మార్చే ముందు, అత్యవసరానికి ఉంచిన రెండవ కంప్యూటరు సంగతి కూడా చూసుకోండి. ఒకటి కొత్తదై మరొకటి పాతదిగా మిగిలితే ఆ రెండవది అక్కరకు రాదు. పాతవాటినే పట్టుకొని ఉండటమూ క్షేమం కాదు. ఎస్.క్యూ.ఎల్. సర్వర్ 2012కు 2022 జులై 12తో, 2014కు 2024 జులై 9తో కంపెనీ మద్దతు ముగిసినది. 2016కు గడువు 2026 జులై 14. కావున యూనియన్ పరిధిలోని సంఘాలు కలిసి ఒకే వెర్షన్‌కు మారితే, ఒకరి కంప్యూటరు మరొకరికి ఆదుకుంటుంది. సహకారం అంటే అదే కదా!

చివరగా, మూడు నెలలకు ఒకసారి మీ నకలును వేరొక కంప్యూటరులో ఎక్కించి చూడండి. నకలు చదవడానికి వీలుగా ఉన్నదని చెప్పే పరీక్ష ఆదేశం కూడా ఉన్నది గాని, ఎక్కించి చూసినదానికి అది సాటి రాదు. వెన్న శాతాన్ని మనం కంటితో చూసి చెప్పము, పరీక్ష చేసి చెబుతాము. నకలును కూడా అట్లాగే పరీక్షించండి. ఇకపై తనిఖీకి వచ్చినప్పుడు మేము నగదు పుస్తకంతోపాటు కంప్యూటరు పుటను, ఆఖరి పరీక్ష తేదీని కూడా అడుగుతాము. ఆ తేదీ చూపించిన సంఘంలో ఏ కంప్యూటరు ఆగినా పక్షం బిల్లు ఆగదు.